యాళ్లకూ యల్లాకూ మధ్య

పేర్లు పెట్టడంలో నాకు మొదటి నుంచీ కలిసిరాదు. చిన్నప్పుడు మా ఇంటికి అలవాటైన పిల్లికి ఒక పేరు పెట్టి పిలిస్తే, అది తప్ప మా వాడకట్టులోని కుక్కలన్నీ తోకలూపుకుంటూ వచ్చేవి. అలాంటి నాకు మా టీం లీడ్ పోయి పోయి ఒక గడియారానికి పేరు పెట్టే పని అప్పజెప్పారు.

అది గోడకు తగిలించే గడియారం కాదు. మా కంపెనీ హైదరాబాద్‌లో ఉంటుంది. నేను కోరుట్లలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని పని చేస్తాను. మేము చేసేదేమిటంటే, ఒక పెద్ద కంప్యూటర్ కడుపులో చాలా ఉత్తుత్తి కంప్యూటర్లను నడిపించడం. పెద్దదాన్ని హోస్ట్ అంటారు. లోపల ఉండేవాటిని గెస్టులు అంటారు. తాను ఇంకొకరి ఇంట్లో ఉన్నానని గెస్ట్‌కు తెలియదు. సొంత మెదడు ఉందనుకుంటుంది, సొంత గడియారం ఉందనుకుంటుంది. అలా అనుకునేలా చూడడమే మా ఉద్యోగం. మర్యాదగా మోసం చేసి జీతం తీసుకుంటాం.

చిక్కంతా ఆ గడియారంతోనే వస్తుంది. హోస్ట్‌కు వేరే పని తగిలితే గెస్ట్‌ను కాసేపు ఆపేస్తుంది. ఒక్కోసారి ఈ యంత్రం మీది నుంచి ఆ యంత్రం మీదికి ఎత్తి పెడుతుంది. ఆపిన సంగతి గెస్ట్‌కు తెలియదు కదా, లేవగానే ఆగిన దగ్గరి నుంచే మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. బయట సాయంత్రమైనా దాని లోపల ఇంకా మధ్యాహ్నమే. వెళ్లిపోయిన బస్సుకు టికెట్లు అమ్ముతూ కూర్చుంటుంది. దీనికి మేము రాస్తున్న విరుగుడును పారావర్చువల్ గడియారం అంటారు. మాట భయపెడుతుంది గానీ విషయం చిన్నదే. మోసం మానేసి హోస్ట్ నిజం చెప్పేస్తుంది. నువ్వు గెస్ట్‌వి, సొంతంగా లెక్కలు కట్టుకోకు, టైం కావాలంటే నన్ను అడుగు, నువ్వు ఆగి ఉన్నప్పుడు ఎంత గడిచిందో అది కూడా చెబుతాను అంటుంది.

ఆ గడియారాన్ని రాసింది నేనే. నా చేతి మీదుగా బయటికి పోబోతున్న మొదటి పని అది. ఎక్కడో ఎవరి దగ్గరో నడుస్తున్న గెస్ట్ లేవగానే, “ఈ ఇంట్లో ఫలానాది ఉందా?” అని పేరు పెట్టి వెతుకుతుంది. కాబట్టి ఒకసారి పేరు బయటికి పోయిందంటే ఇక మార్చడానికి లేదు. తొట్టెలలో వేసి బిడ్డ చెవిలో పేరు చెప్పాక వెనక్కి తీసుకోలేం, ఇదీ అంతే. మా లీడ్ గుంటూరు వైపు ఆవిడ, మాటలు తూచి వాడే మనిషి. “గెస్ట్ క్లాక్ అంటే గెస్ట్ సొంతదనుకుంటారు. హోస్ట్ క్లాక్ అంటే హోస్ట్ వాడుకునేదనుకుంటారు. మామూలు పేర్లన్నీ ఎవరో ఒకరు ముందే తీసుకున్నారు. పొట్టిగా, కొత్తగా ఒకటి ఆలోచించండి, శుక్రవారం మీటింగులో ఖాయం చేద్దాం” అన్నారు. పొట్టిగా, కొత్తగా! చెప్పడం ఎంత తేలికో.

అప్పటికి అమ్మ కువైట్ నుంచి వచ్చి రెండు నెలలు కావస్తోంది.

నేను తొమ్మిదో తరగతిలో హాస్టల్‌లో ఉన్నప్పుడు అమ్మ అక్కడ ఒక ఇంట్లో వంటపనికి వెళ్లింది. మా నాన్న, నేను పిలిచేది బాపు అని, అప్పుడు సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేసేవాడు. ఆయన మగ్గం ఆయన నడపాలి, అమ్మ అక్కడ సంపాదించాలి, నేను చదవాలి అన్నది మా ముగ్గురి ఒప్పందం. నా చదువు జగిత్యాల దగ్గరి కాలేజీ దాటి ఉద్యోగం దాకా వచ్చింది. మధ్యలో అమ్మ సెలవు మీద వచ్చిపోయింది గానీ, సెలవుకు వచ్చిన మనిషికి ఇంట్లోవాళ్లు మంచి మాటలే చెబుతారు. ఈసారి మాత్రం పెట్టెలు దింపుతూనే, “ఇగ పోను” అంది. మా ఇద్దరికీ ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషంలోనే ఒక పిచ్చి పని కూడా చేశాం.

అమ్మ ఆఖరి సెలవు అయిపోయి వెళ్లాక బాపు కళ్లకు పొరలు కమ్మాయి. మగ్గం మీద తెగిన పోగు కనబడేది కాదు. జగిత్యాలలో రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించాం. చూపు బాగానే వచ్చింది, కానీ ఈలోపు మగ్గం ఇంకొకరి చేతికి పోయింది. బాపు కోరుట్లకు తిరిగి వచ్చి, మా ఇంటికి రెండు వీధుల అవతల పిండి పట్టే గిర్నీలో కుదిరాడు. ఇవేవీ అమ్మకు ఫోన్‌లో చెప్పలేదు. పరాయి దేశంలో ఒక్కతే ఏడుస్తుందని చెప్పలేదు. తీరా వచ్చి “ఇగ పోను” అన్నాక చెప్పడం ఇంకా కష్టమైంది. మగ్గం పోయిందని తెలిస్తే భయపడి మళ్లీ విమానం ఎక్కుతుందని బాపు గుబులు. అందుకని, “జెర ఆగుదాం బిడ్డా” అన్నాడు. ఆగాం.

అలా మొదలైంది నాటకం. రోజూ పొద్దున్నే బాపు టిఫిన్ డబ్బా పట్టుకుని “సిరిసిల్ల బస్సుకు” బయలుదేరేవాడు. అంత దూరం రోజూ బస్సులో పోయి వచ్చి మగ్గం నడిపే మనిషి ఈ భూమ్మీద మా బాపు ఒక్కడే అయి ఉంటాడు. సందు మలుపు తిరిగి గిర్నీలోకి దూరేవాడు. సాయంత్రం కనుబొమల మీద తెల్లగా పిండితో వచ్చేవాడు. ఒకసారి అమ్మ, “గిదేంది తెల్లగ?” అని అడిగితే, ఏ మాత్రం తడుముకోకుండా, “గంజి పొడి. నూలుకు వెడ్తరు గదా” అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పోవాల్సి వచ్చింది.

నవ్వొచ్చేది అదొక్కటే. మిగతాదేదీ బాగా లేదు. అమ్మ వచ్చేలోపు వంటింటిని మేము మా చేతికి అందేటట్టు సర్దుకున్నాం. ఆమె ఉప్పు కోసం వెతికితే “నువ్వు కూసో, నేను తీస్త” అనేవాడు బాపు. ఆమె గిన్నె కడగబోతే నేను లాక్కునేదాన్ని. ఇన్నేళ్లు ఎవరి ఇంట్లోనో చేసి చేసి వచ్చింది, ఇక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చోనీ అన్నది మా ప్రేమ. ఆమె మంచం అంచున, పూర్తిగా ఆనుకోకుండా కూర్చునేది. మేమిద్దరం ఏదో మాట్లాడుకుంటుంటే ఆమె రాగానే మాట మార్చేవాళ్లం. నీళ్లు తాగాలన్నా మమ్మల్ని అడిగే తాగేది.

ఆ వారంలోనే కువైట్ నుంచి అక్కడి ఇంటావిడ ఫోన్ చేసింది. పిల్లలు నీ చేతి వంట కావాలంటున్నారు, కాగితాలు సిద్ధం చేయిస్తాను, మా సెలవు రోజు శుక్రవారం తీరిగ్గా మళ్లీ చేస్తాను, అప్పుడు ఏ సంగతో చెప్పు అందట. అమ్మ పోను అని చెప్పలేదు. “‘సూద్దాం’ అన్న” అని మాతో చెప్పి తల దువ్వుకోవడానికి లేచిపోయింది. బాపు నా ముఖం చూశాడు. ఆ “సూద్దాం” మా ఇద్దరికీ అన్నం సహించకుండా చేసింది.

పేరు తట్టింది గురువారం మధ్యాహ్నం. అమ్మ పక్కింటామెతో గోడ మీదుగా మాట్లాడుతూ, “యాళ్లకు తింటె ఏ రోగం రాదు” అంటోంది. యాళ్ల! మా దగ్గర సమయానికి ఉన్న మాట. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ అమ్మ ఫోన్‌లో మొట్టమొదట అడిగేది అదే, “యాళ్లకు తిన్నవా బిడ్డా?” అని. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. ఇంగ్లీషు అక్షరాల్లో yalla అని పెట్టి చూశాను. పొట్టిగా ఉంది. కొత్తగా ఉంది. లీడ్‌కు పంపితే వెంటనే జవాబిచ్చారు: “మావైపు వేళ అంటాం. ఇదింకా బాగుంది. దీన్నే పెట్టేద్దాం.” నా పని మీద అమ్మ మాట, ఎప్పటికీ మారకుండా! నాకు గర్వంతో ఒళ్లు తెలియలేదు.

స్క్రీన్ మీద దాన్ని పెద్ద అక్షరాల్లో రాసి, “అమ్మా, గిటు రా. నీ మాటను సూడు ఏడికి ఎక్కిచ్చిన్నో” అని పిలిచాను.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమె ఆ ఇంటి పిల్లలు ఆడుకునే చెక్కబిళ్లల మీద నేర్చుకుంది. ఒక్కోదాని మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. “యల్... లా” అంది. అని, ఠక్కున వంటింటి వైపు తిరిగింది. పొయ్యి మీద ఏదో మరిచిపోయిందనుకున్నాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఆమె అక్కడే గుమ్మం దగ్గర నిలబడి, “గీ మాట గీడికి గూడ అచ్చిందా?” అంది.

“ఏ మాట? గది నీ మాటనే గదా. యాళ్ల! యాళ్లకు తిన్నవా అని అడుగుదువు సూడు, గది.”

“నాది యాళ్ల. గిది యల్లా,” అంది అమ్మ. “పొద్దుగాల లేస్తె యల్లా. పిల్లల బస్సు అస్తె యల్లా. చుట్టాలు అస్తె యల్లా. జెర కూసుందామంటె యల్లా. గా మాట ఇంటె నా కాళ్లు ఆగయి బిడ్డా. ఇప్పుడు సూడు, ఎవలు పిలువకున్నా ఉరికిన.”

నాకు అప్పటికి తెలియదు. తర్వాత తెలిసింది, అది అక్కడ “పద”, “కానియ్యి” అనే మామూలు మాటే. తల్లి బిడ్డతో అంటుంది, స్నేహితులు ఒకరితో ఒకరు అనుకుంటారు. కానీ అమ్మకు అది ఒకే వైపు నుంచి వచ్చింది, రోజంతా వచ్చింది. మా కోరుట్లలో, మెట్‌పల్లిలో గల్ఫ్‌కు పోయి వచ్చి, ఆ మాట వింటే లేచి నిలబడే మనుషులు ఎంతమంది ఉంటారో! ఆ ఊళ్లోనే పుట్టి, అదే మాటను పెద్ద అక్షరాల్లో రాసి అమ్మకు చూపించిన ఘనత నాది.

సిగ్గుపడాల్సింది. ముందు కోపం వచ్చింది. నా కోపం ఎప్పుడూ అంతే, క్యూలో అందరినీ తోసుకుని ముందుకొస్తుంది. “ఈడ నిన్ను ఎవలన్నా యల్లా అన్నరా? కూసో కూసో అనే అంటున్నం గదా!” అన్నాను.

“గదే నేను జెప్పేది,” అంది అమ్మ. ఆమె గొంతు కూడా లేచింది. “ఆడ ఉరికిచ్చిన్రు, ఈడ కూసోవెట్టిన్రు. ఉప్పు ఏడున్నదో అడిగితె కూసో. చీపురు పడ్తె కూసో. నేను చుట్టాన్నా మీకు? నేను అస్తనే మాట ఆపుతరు మీరిద్దరు. ఏం దాస్తున్నరో నాకు తెల్వదు. ఆడనే నయం. ఏ డబ్బల ఏమున్నదో ఎర్క, ఏ యాళ్లకు ఎవలు అస్తరో ఎర్క. రేపు మేడమ్ ఫోన్ జేస్తె అస్త అని చెప్త.”

ఆమె వెళ్లి వెనక గుమ్మంలో కూర్చుంది. నేను స్క్రీన్ ముందు కూర్చున్నాను. ఇద్దరి మధ్యా ఒక్క గదే ఉంది, కానీ ఎవరూ దాటలేదు.

చాలాసేపటికి ఆమె అటు వైపు నుంచే, “ఎంతాయె?” అంది.

ఆమె తలకు పైన గోడ గడియారం ఉంది. చేతికి గడియారం ఉంది. అయినా అడిగింది. “ఐదు కొడ్తంది,” అన్నాను. ఆమె చేతి గడియారం కీని బయటికి లాగి, ముల్లు కొంచెం జరిపి, మళ్లీ లోపలికి నొక్కింది. అది చూడగానే నాకు ఫోన్లు గుర్తొచ్చాయి. అక్కడి నుంచి చేసిన ప్రతిసారీ, తిన్నవా అన్న తర్వాతి ప్రశ్న ఇదే, “ఎంతాయె?” నేను విసుక్కునేదాన్ని. ఫోన్‌లోనే టైం కనిపిస్తుంటే అడగడమెందుకని నా బాధ.

లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. “ఆడ ఇంట్ల గడియారాలు లెవ్వానే?” అని అడిగాను.

“మస్తున్నయి. అవి ఆల్ల టైం.” ఆమె మణికట్టు తిప్పి చూపించింది. “గిది మీ టైం. పోయినప్పటి సంది మార్చలే. జెర ఎనుకకు పడ్తది గిది. మీకు ఫోన్ జేసినప్పుడు అడిగి సక్కగ వెట్టుకుందును. ఇప్పుడు నా బిడ్డకు బడి ఇడుస్తరు, ఇప్పుడు మీ బాపు షిఫ్టు దిగుతడు అని సూసుకుంట పని జేసుకుందును.”

షిఫ్టు దిగుతాడు! దిగడానికి షిఫ్టే లేని రోజుల్లో కూడా ఆమె ఈ గడియారం చూసుకుని, సిరిసిల్లలో మగ్గం ఆపి చెమట తుడుచుకుంటున్న బాపును ఊహించుకుంది. ఆ వేళకు ఆయన జగిత్యాలలో కళ్లకు పచ్చబట్ట కట్టుకుని మంచం మీద ఉన్నాడు. నిమిషాలు మాత్రం మేము తప్పు లేకుండా చెప్పాం. ఆమె పాపం నమ్మి ముల్లు తిప్పుకుంది.

రోజంతా నేను చేసే పనే ఇది. ఆగిపోయి లేచిన దానికి ఎంత గడిచిందో దాచకుండా చెప్పాలని పేజీల కొద్దీ రాశాను. ఇంట్లో మాత్రం బాపూ నేనూ కలిసి అమ్మకు ఆమె వెళ్లిన నాటి కోరుట్లను అట్లాగే నిలబెట్టి చూపిస్తున్నాం. ఆమె ఉండిపోవాలని దాచాం. ఆ దాచడమే ఆమెను పంపించేస్తోంది. నా మీద నాకే ఒళ్లు మండింది.

బాపు వచ్చాడు. చేతిలో డబ్బా, కనుబొమల మీద పిండి. “ఇయ్యాల బస్సు మస్తు రష్ ఉండె,” అంటూ చెప్పులు విడిచాడు.

“బాపూ, ఇగ చాలు. చెప్పు,” అన్నాను.

“ఏం జెప్పాలె?”

“అమ్మ ఎంతాయె అని అడుగుతంది. ఎంతాయెనో చెప్పు.”

బాపు నా వంక, అమ్మ వంక చూశాడు. అబద్ధం చెప్పడంలో అంత హుషారున్న మనిషి నిజం దగ్గరికి వచ్చేసరికి నేల మీద చతికిలపడ్డాడు. కళ్ల సంగతి చెప్పాడు. జగిత్యాల సంగతి చెప్పాడు. మగ్గం పోయిన సంగతి చెప్పడానికి మాత్రం రెండుసార్లు మొదలుపెట్టి ఆగాడు. “పోగు కనవడకపోతె ఎవలు ఉంచుకుంటరు? ఆల్లను అనేదేం లేదు. నువ్వు ఇంటె మల్ల పోతవని భయమైంది. గంతే,” అని ముగించాడు.

అమ్మ లేచి వచ్చి ఆయన గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. ముందు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను చూసింది. కొంగుతో కనుబొమల మీది పిండి తుడిచి, వేళ్ల మధ్య నలిపింది.

“గంజి పొడి అంటివి,” అంది.

బాపు తల వంచుకున్నాడు.

“రోజు గంపెడు రొట్టెలు జేసి అచ్చినదాన్ని. పిండి ఎట్లుంటదో నాకెర్కలేదా? మొదటి వారమే ఎర్కైంది. నేను ఇంకో తీరు అనుకున్న.”

“ఏ తీరు?” అన్నాడు బాపు అమాయకంగా.

“ఇంకెవతో రొట్టెలు జేసి పెడ్తున్నదనుకున్న!”

బాపు ముఖంలో రంగులు మారడం చూసి నాకు నవ్వు ఆగలేదు. అమ్మకూ ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. “కంటికి కోత వెడ్తె నాకు చెప్పరా? నేను ఏమైత మీకు? పైసలు పంపే మనిషినేనా?” అని ఆయన భుజం మీద గట్టిగా చరిచింది. పిండి లేచింది. బాపు దెబ్బ తప్పించుకోలేదు.

కళ్లు తుడుచుకున్నాక ఆమె మా ఇద్దరి ముందూ కూర్చుని, “ఇంకేమేమున్నయో అన్ని చెప్పున్రి. ఒక్కటి దాస్తె ఊకోను,” అంది. చెప్పాం. నేను కాలేజీలో ఒకసారి లెక్కల్లో తప్పానని చెప్పాం. అమ్మమ్మ జారిపడి కొన్నాళ్లు మంచాన ఉందని చెప్పాం. ఆమె పంపిన మిక్సీని బాపు మొదటి రోజే కాల్చేశాడని, అదే రంగుది ఇంకోటి కొని పెట్టామని చెప్పాం. అమ్మమ్మ సంగతికి మళ్లీ కొంగు కళ్లకు పెట్టుకుంది. లెక్కలకు నన్ను తిట్టింది. మిక్సీకి మాత్రం తల కొట్టుకుంది. అన్నీ అయ్యాక వంటింట్లోకి పోయి, డబ్బాలన్నీ కిందికి దింపి, తనకు తోచినట్టు సర్దడం మొదలుపెట్టింది. బాపు సాయం చేయబోతే, “నువ్వు కూసో,” అంది.

మరి ఉంటుందా పోతుందా? ఆ మాట మాత్రం ఆమె అనలేదు. మేము అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మీటింగు మొదలవుతూనే, ఆ పేరు వద్దని చెప్పాను. లీడ్‌కు సహజంగానే చిరాకేసింది. “నిన్ననే కదా బాగుందనుకున్నాం? ఇప్పుడేమైంది?” అన్నారు.

అమ్మ సంగతి చెప్పాను. ఆవిడ విని, “నాకు అర్థమైంది. కానీ అలా వెతుక్కుంటూ పోతే ప్రతి మాటా ఎక్కడో ఒక చోట ఎవరినో ఒకరిని నొప్పిస్తుంది. మరి ఏం పెడదాం?” అన్నారు.

“ఎంతాయె,” అన్నాను.

“అంటే?”

“టైం ఎంతైంది అని. మనం ఇప్పటిదాకా హోస్ట్ ఇచ్చే వస్తువుకు పేరు వెతికాం. కానీ ఆ పేరు పెట్టి పిలిచేది గెస్టే కదా. లేవగానే దాని నోట్లోంచి రావాల్సిన మాట ప్రశ్నే. అడగడానికి ఒక పేరుంటే, చెప్పేవాళ్లు ఉన్నారని దానికి తెలుస్తుంది.”

నేను ఇంత చక్కగా మాట్లాడగలనని నాకే తెలియదు. లీడ్ ఇంగ్లీషులో ఎలా రాస్తారో అడిగారు. ఆరక్షరాలే. వేరే ఏ భాషలోనైనా తప్పుడు అర్థం ఉందేమో వెతకమని అందరికీ పురమాయించారు. వెతికినంతలో ఎవరికీ ఏమీ దొరకలేదు. “పలకడానికి తంటాలు పడతారు. వాడుక పత్రంలో మొదటి వాక్యంలోనే అర్థం రాయండి, అప్పుడు ఒప్పుకుంటాను,” అన్నారు. అక్కడికక్కడే రాశాను: గెస్ట్ అడుగుతుంది, హోస్ట్ దాచకుండా చెబుతుంది. “దాచకుండా అనే మాట ఇలాంటి పత్రాల్లో ఎవరూ రాయరు,” అని ఆవిడ నవ్వారు. కానీ తీసేయమనలేదు.

మీటింగు ముగిసి తల తిప్పితే అమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. “ఏం పేరు వెట్టిన్రు?” అని అడిగింది.

స్క్రీన్ చూపించాను. వేలు పెట్టి కూడబలుక్కుంది. ఈసారి వంటింటి వైపు తిరగలేదు. “గిదేం పేరు? నేను అడిగేది గదా,” అంది. మళ్లీ కొంచెం ఆలోచించి, “గీ మాట అని ఎవలన్నా ఉరికిస్తరా?” అంది.

“లే. గీ మాట అంటె ఎవలో ఒకలు జవాబు చెప్పాలె. గంతే.”

“అయితె ఉండనియ్యి,” అంది అమ్మ.

సాయంత్రం ఫోన్ మోగింది. బాపు ఆ రోజు గిర్నీ నుంచి ముందే వచ్చి, నాతో పాటు మంచం మీద కూర్చున్నాడు. అమ్మ ఫోన్ పట్టుకుని ఆరుబయటికి నడిచింది. ఆమె అక్కడి భాష మాట్లాడుతుంటే నాకు ఎప్పుడూ ఇంకెవరినో చూస్తున్నట్టు ఉంటుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లల పేర్లు మాత్రం వినిపించాయి, అవి పలికేటప్పుడు ఆమె గొంతు మెత్తబడింది. నవ్వింది కూడా. తర్వాత “లా” అంది. మళ్లీ “లా, లా” అంది. బాపు నా చేయి పట్టుకుని, “లా అంటె ఏంది బిడ్డా?” అని గుసగుసగా అడిగాడు. నాకూ తెలియదు.

అమ్మ లోపలికి వచ్చి ఫోన్‌ను బల్ల మీద పెట్టింది. మా ఇద్దరి ముఖాలూ చూసి, “ఏంది గట్ల సూస్తున్నరు? లా అంటె లేదు అన్నట్టు,” అని చెప్పి, రాత్రికి ఏం వండాలో మమ్మల్ని అడగకుండా వంటింట్లోకి పోయింది. బాపు నా చేయి వదల్లేదు. ఆపరేషన్ అయిన కళ్లకు నీళ్లు మంచివి కావని డాక్టరు చెప్పిన సంగతి గుర్తు చేద్దామనుకున్నాను, కానీ నాకూ అదే పరిస్థితి.

మర్నాడు శనివారం. చాలా రోజుల తర్వాత బాపుకు బస్సు నటించే పని లేదు. గిర్నీ రెండు వీధుల అవతలే కదా అని, కాళ్లు బారజాపుకుని, రెండో గ్లాసు చాయ్ ఊదుకుంటూ తాగుతున్నాడు. నేను పక్కనే కూర్చుని బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటున్నాను. ఇంతలో వంటింట్లోంచి గిన్నెల చప్పుడుతో పాటు అమ్మ గొంతు ఖంగుమంది:

“యల్లా! ఇంకెంత సేపు తాగుతరు? గిర్నీకి యాళ్లయితంది!”

బాపూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన గ్లాసు కింద పెట్టి గబగబా లేచాడు. చెప్పుల కోసం అటూ ఇటూ వెతుకుతూ, “ఎంతాయె?” అని అరిచాడు.

అమ్మ టిఫిన్ డబ్బాతో గుమ్మంలోకి వచ్చి, తన చేతి గడియారం చూసి చెప్పింది.